లిట్టర్ బాక్స్ వదిలేసి పరుపు మీద, డోర్‌మ్యాట్ మీద పోస్తున్న మగపిల్లి: ఎక్కడ మొదలుపెట్టాలి?

సాగరతీరం:

అందరికీ నమస్కారం. విశాఖలో ఐదో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాట్ మాది. బంటి మగపిల్లి, మూడేళ్లు, 5 కిలోలు, చిన్నప్పుడే ఆపరేషన్ చేయించాం. చిట్టి ఆడపిల్లి, ఆరు నెలలు, ఇంకా ఆపరేషన్ కాలేదు, రెండు నెలల క్రితం ఇంటికి వచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకటే లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకి పెట్టే డబ్బా). మూత ఉన్న రకం, సుమారు 40 సెం.మీ. పొడవు, 30 వెడల్పు. హాల్ పక్క బాత్రూమ్‌లో పెట్టాం, వాషింగ్ మెషీన్ కూడా అక్కడే ఉంటుంది.

మూడు వారాల నుంచి బంటి మంచం మీద, గుమ్మం దగ్గర డోర్‌మ్యాట్ మీద, విడిచిన బట్టల కుప్ప మీద పోస్తున్నాడు. దొడ్డికి మాత్రం బాక్స్‌లోకే వెళ్తాడు. నెల క్రితం బెంటోనైట్ (తడిస్తే గడ్డకట్టే మట్టి) లిట్టర్ మానేసి వాసన వేసిన పైన్ చెక్క గుళికలకు మారాం, దుమ్ము తక్కువని. బాత్రూమ్ రోజూ ఫినాయిల్‌తోనే కడుగుతాం, పాడైన చోట్లు కూడా దాంతోనే తుడుస్తున్నాం. తిండి మామూలుగానే తింటున్నాడు, హుషారుగానే ఉన్నాడు. కోపంతో చేస్తున్నాడని ఇంట్లో వాళ్లు అంటున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా, లేక బాక్స్ మారిస్తే చాలా? ఏది ముందు చెయ్యాలి?

జీవనాడి:

సాగరతీరం గారూ, మగపిల్లి కాబట్టి ముందు డాక్టరే. బాక్స్ సంగతి ఆ తర్వాత.

ఈ రాత్రే ఒక్క విషయం గమనించండి: పోసేటప్పుడు ఎంత వస్తోంది? పరుపు మీద అరచేతి వెడల్పున, అంతకన్నా పెద్దగా తడి అయితే మూత్రం దారి తెరుచుకునే ఉందని అర్థం, రేపో ఎల్లుండో చూపించుకోవచ్చు. అలా కాకుండా మళ్లీ మళ్లీ వెళ్లి కూర్చోవడం, చాలాసేపు ముక్కినా రెండు మూడు చుక్కలే పడటం లేదా ఏమీ రాకపోవడం, అరవడం, వెనక భాగం అదేపనిగా నాక్కోవడం, వాంతులు, మంచం కింద దూరి బయటికి రాకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. జిగురు, స్ఫటికాలు కలిసి చిన్న బిరడాలా అడ్డుపడతాయి. మూత్రం ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీద దెబ్బ పడుతుంది. 24 నుంచి 48 గంటల్లో ప్రాణం పోవచ్చు. పొట్ట అడుగున నారింజపండంత గట్టిగా తగిలిందని నొక్కి చూడకండి, బ్లాడర్ (మూత్రాశయం) చిట్లే ప్రమాదం ఉంది.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే, ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని పాలో, ఆముదమో పోసి ఒక రోజు పోగొట్టుకోవడం. దొడ్డికి బాగానే వెళ్తూ ముక్కుతుంటే అది మూత్రం సమస్యే. ఇంకో మాట గట్టిగా చెప్తున్నాను: నొప్పికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర చిన్న ముక్క కూడా వెయ్యకండి. పిల్లి కాలేయం దాన్ని విడగొట్టలేదు. ఒక్క మాత్రకే పిల్లి చనిపోవచ్చు.

డాక్టర్ దగ్గర అడగాల్సినవి: యూరిన్ పరీక్ష, పొట్ట అల్ట్రాసౌండ్. రాళ్లున్నాయని అనుమానిస్తే ఎక్స్‌రే కూడా. వయసు ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లి అయితే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పని తెలిపేది), షుగర్ కూడా చూపించాలి. కిడ్నీ జబ్బు, షుగర్ వస్తే నీళ్లు ఎక్కువ తాగి, ఎక్కువ పోసి, బాక్స్ తొందరగా నిండి బయట పోస్తుంది. ముసలి పిల్లులకు కీళ్లనొప్పులతో గట్టు దాటడమే కష్టమవుతుంది. బంటికి మూడేళ్లే కాబట్టి మొదట బ్లాడర్ చూద్దాం.

యూరిన్ ఇంట్లో పట్టాలంటే బాక్స్ ఖాళీ చేసి, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, నీళ్లు పీల్చని గులకరాళ్లు (అక్వేరియంలో వేసేవి, బాగా కడిగి) పలచగా పరవండి. పోశాక వంచి, సూది లేని సిరంజితో 5 మి.లీ. తీసుకుని గంట లోపల ల్యాబ్‌కి ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తీసుకెళ్తే లేని స్ఫటికాలు కొత్తగా ఏర్పడి రిపోర్టులో కనబడతాయి, దాంతో అక్కర్లేని ఆహారం మొదలుపెట్టిస్తారు. కల్చర్ పరీక్షకు (బాక్టీరియా పెరుగుతుందేమో చూసేది) మాత్రం ఇలా పట్టింది పనికిరాదు, డాక్టర్ బ్లాడర్ నుంచి సూదితో నేరుగా తీయాలి. రిపోర్టులో స్పెసిఫిక్ గ్రావిటీ 1.035 పైన ఉంటే మూత్రం సరిగ్గా చిక్కబడుతోందని లెక్క. పదే పదే అంతకన్నా తక్కువ వస్తుంటే కిడ్నీల వైపు చూడాలి.

వయసులో ఉన్న పిల్లుల్లో బాక్టీరియా ఇన్ఫెక్షన్ చాలా అరుదు. ఎక్కువ మందిలో తేలేది కారణం తెలియని బ్లాడర్ వాపు. ఒత్తిడి దాన్ని రేపుతుంది. కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం, పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్, ఏదైనా చాలు. ఇది చాలాసార్లు వారం లోపల తనంతట తనే తగ్గుతుంది. అందుకే యాంటీబయాటిక్ వేశాక ఐదో రోజుకి తగ్గితే మందే తగ్గించిందనుకుంటారు, నెల తర్వాత మళ్లీ అదే తిరగబెడుతుంది. దానికి కావాల్సింది నొప్పి మందు, ఎక్కువ నీళ్లు, ఇంట్లో ఒత్తిడి తగ్గించడం. స్ట్రువైట్ రాళ్లయితే ప్రత్యేక ఆహారంతో కొన్ని వారాల్లో కరుగుతాయి. ఆక్సలేట్ రాళ్లు ఆహారంతో కరగవు, తీయించాల్సిందే.

నీళ్ల లెక్క: కిలో బరువుకి రోజుకి సుమారు 50 మి.లీ., అంటే బంటికి తిండిలోది కలుపుకుని దాదాపు 250. గుళికల తిండిలో నీరు 10 శాతమే, తడి ఆహారంలో 75 శాతం పైన ఉంటుంది. ఉడికించిన చికెన్ నీళ్లు రెండు మూడు చెంచాలు తిండిలో కలపండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏదీ పడకూడదు. నీళ్ల గిన్నె తిండి గిన్నెకు దూరంగా ఇంకో గదిలో కూడా పెట్టండి.

చూపించుకోవడానికి చుట్టుపక్కల స్కానింగ్ లేకపోతే, ఈ చర్చ చదివే వేరే ఊళ్ల వారికి: రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో పిల్లులను కూడా చూస్తారు.

మీసాలరాయుడు:

డాక్టర్ సంగతి జీవనాడి గారు చెప్పారు. అది జరుగుతుండగానే బాక్స్ కూడా మార్చండి, ఎందుకంటే మీరు రాసిన వివరాల్లో బాక్స్ తప్పులే నాలుగు కనబడుతున్నాయి.

ముందు కోపం సంగతి. పగబట్టి పరుపు తడిపేంత లెక్క పిల్లి బుర్రలో ఉండదు. దానికి రెండే ప్రశ్నలు: ఇక్కడ కాలికి, ముక్కుకి బాగుందా, ఇక్కడ కూర్చుంటే ఎవరైనా మీద పడతారా. పరుపు మెత్తగా ఉంటుంది, మీ వాసన ఉంటుంది, ఎత్తు మీద నుంచి గది అంతా కనబడుతుంది. మీ బాక్స్ దీనికి సరిగ్గా వ్యతిరేకం.

సైజు: ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు టేపుతో కొలవండి. దానికి ఒకటిన్నర రెట్లు బాక్స్ పొడవు ఉండాలి. 5 కిలోల మగపిల్లి సుమారు 45 నుంచి 50 సెం.మీ. వస్తుంది, అంటే 70 సెం.మీ. దగ్గర కావాలి. మీది 40. లోపల తిరగడానికే చోటు లేదు. పెట్ షాపుల్లో ఇంత పెద్దవి సాధారణంగా దొరకవు. ప్లాస్టిక్ సామాన్ల కొట్లో దుప్పట్లు దాచుకునే పొడుగాటి డబ్బా కొనండి, మూత పక్కన పెట్టేయండి. గోడలు 30 సెం.మీ. పైన ఉండాలి, కొన్ని మగపిల్లులు నడుం ఎత్తి పోస్తాయి. ఒక పక్క మాత్రం 25 సెం.మీ. వెడల్పున, నేల నుంచి 12 సెం.మీ. ఎత్తు మిగిలేలా కోసి గుమ్మం చెయ్యండి. కోసే ముందు కింది రెండు మూలల్లో డ్రిల్లుతోనో, కాల్చిన మేకుతోనో ఒక్కో రంధ్రం పెట్టండి. అది లేకపోతే బ్లేడు మూల తిరిగేటప్పుడు పగులు అడుగుదాకా పాకుతుంది. వంచితే వంగే పాల రంగు ప్లాస్టిక్ తీసుకోండి. గాజులా మెరిసే పెళుసు రకం హాక్సా పెట్టగానే చీలుతుంది. అంచుని గరుకు కాగితంతో నున్నగా రుద్దండి, పొట్టకు గీరుకుంటే మళ్లీ ఎక్కదు.

మూత ఉన్న బాక్స్ మనకి బాగుంటుంది, వాసన బయటికి రాదు కాబట్టి. ఆ వాసనంతా లోపలే ఉండి పిల్లి ముక్కుకి తగులుతుంది. పైగా ఒకటే దారి, రెండో పిల్లి గుమ్మంలో కూర్చుంటే ఇది లోపలే ఇరుక్కుపోతుంది. ఆరు నెలల చిట్టి ఆట కోసమైనా అదే చేస్తుంది.

లిట్టర్: పైన్ గుళికలు లావుగా, గట్టిగా ఉంటాయి, అరికాళ్లకు గుచ్చుకుంటాయి, వాసన ఒకటి అదనం. బంటికి మూడేళ్లు అలవాటైంది సన్నటి బెంటోనైట్. అది నెల క్రితం మాయమైంది, వారం తిరక్కుండానే తేడా మొదలైంది. వాసన కలపని, సన్నగా ఇసుకలా ఉండే, గడ్డకట్టే బెంటోనైట్‌కి తిరిగి వెళ్లండి. మందం 5 నుంచి 7 సెం.మీ. మీరు చేసే పెద్ద డబ్బాకి 10 కిలోల పైనే పడుతుంది. ఒక్క ప్యాకెట్ పలచగా పరిస్తే మూత్రం అడుగుకు అంటుకుని, గీకితే బంకలా లేస్తుంది, వాసన అక్కడ మిగిలిపోతుంది.

బంటికి నచ్చిందా లేదా కళ్లతోనే తెలుస్తుంది. నచ్చని పిల్లి అంచు మీద ముందుకాళ్లు పెట్టి నిలబడుతుంది, తవ్వదు, అయిపోగానే కాళ్లు విదిలించి ఒక్క ఉరుకున బయటికి పోతుంది, కప్పడం మాని బయట గచ్చును గీకుతుంది. నచ్చినది వాసన చూసి, గుంట తవ్వి, కూర్చుని, తిరిగి కప్పి నెమ్మదిగా వస్తుంది.

చోటు: మన బాత్రూమ్ అంటేనే తడి. స్నానం నీళ్లు చిమ్మి బెంటోనైట్ బురద అవుతుంది, తడి గచ్చు మీద నడవడం పిల్లికి గిట్టదు, ఎవరైనా లోపలుంటే తలుపు గడియ వేసి ఉంటుంది. మెషీన్ స్పిన్ తిరిగేటప్పుడు ఒక్కసారి బెదిరితే ఆ మూల వైపే వెళ్లదు. బాల్కనీ కూడా ఆలోచించకండి. మే నెల మధ్యాహ్నం టైల్స్ కాలుతుంటాయి, వానాకాలంలో జల్లు కొడుతుంది, విశాఖ గాలిలో తేమకి తెరిచిన ప్యాకెటే మెత్తబడుతుంది. మిగిలిన లిట్టర్‌ని బిగుతు మూత ఉన్న డబ్బాలో ఉంచండి. పడకగది మూల, హాల్లో సోఫా వెనక, ఇలా పొడిగా, కాస్త మరుగుగా, రెండు వైపుల నుంచి బయటపడే వీలున్న చోటు చూడండి. కుక్కర్ విజిల్ పక్కన వద్దు. తిండి గిన్నెకు కనీసం ఒకటిన్నర మీటర్ల దూరం.

పాత బాక్స్ వెంటనే తీసెయ్యకండి. దొడ్డికి ఇప్పటికీ అందులోకే వెళ్తున్నాడు, అది పోతే ఆ అలవాటూ చెడుతుంది. కొత్తది వాడటం స్థిరపడ్డాక తీయండి.

రోజుకి రెండుసార్లు గడ్డలు తీయండి. పోసిన వెంటనే తవ్వితే ముక్కలైపోతుంది, ఇరవై నిమిషాలు ఆగితే గట్టిపడుతుంది. తీసేటప్పుడు లెక్క చూడండి, ఆరోగ్యంగా ఉన్న పిల్లి రోజుకి రెండు నుంచి నాలుగు గడ్డలు చేస్తుంది. గోళీకాయంత చిన్నవి పది కనబడితే బ్లాడర్ మంట, ఒక్కోటీ పిడికిలి దాటి పెరుగుతుంటే కిడ్నీ లేదా షుగర్. గడ్డల్ని టాయిలెట్‌లో వెయ్యకండి, పైపులో ఉబ్బి సిమెంటులా పట్టేస్తాయి. కాగితంలో చుట్టి, డయాపర్లు వేసే చెత్తలో వెయ్యండి. నెలకోసారి మొత్తం పారబోసి, గోరువెచ్చని నీళ్లు, అంట్లు తోమే సబ్బుతో కడిగి ఎండబెట్టండి.

తెల్లగోడ:

ఫినాయిల్ గురించి ఎవరూ రాయలేదు, నాకు అదే పెద్ద విషయంగా కనిపిస్తోంది. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్, క్రెసాల్ జాతి రసాయనాలను పిల్లి ఒళ్లు బయటికి పంపలేదు. తడి గచ్చు మీద నడిచి, పాదాలు నాక్కుంటే నేరుగా లోపలికి పోతుంది. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే క్రిమిసంహారకాలు చాలావాటిలో ఇలాంటివే ఉంటాయి, పిల్లి తిరిగే చోట అవన్నీ మానేయండి. విషం సంగతి పక్కన పెట్టినా, బాక్స్ ఉన్న బాత్రూమ్‌ని రోజూ ఆ ఘాటుతో కడుగుతున్నారు. మీరు బాక్స్ దగ్గరికి రావద్దని రోజూ చెప్తున్నట్టే. గచ్చుకి మామూలు సబ్బు నీళ్లు, తర్వాత మంచి నీళ్లు చాలు.

పరుపు మీద వేసినప్పుడు పైకి ఫినాయిల్ వాసనే మనకి వస్తుంది, అడుగున మూత్రం అలాగే ఉంటుంది, పిల్లి ముక్కు దాన్ని పట్టేస్తుంది. పాత చోటు వాసన ఉన్నంతకాలం కొత్త బాక్స్ ఎంత బాగున్నా సగం పనే అవుతుంది. బ్లీచ్ కూడా వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరికి హాని చేసే గ్యాస్ వస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ అయితే దానికి ఇంకో పిల్లి పోసినట్టే అనిపిస్తుంది.

కడిగే ముందే అన్ని మరకలూ వెతకండి. రాత్రి లైట్లన్నీ ఆపి, 365 నుంచి 395 నానోమీటర్ల యూవీ టార్చ్ నేలకి దగ్గరగా తిప్పండి. ఎండిన మూత్రం పసుపు పచ్చగా మెరుస్తుంది. బట్టల పౌడర్‌లో తెలుపు కోసం వేసే పదార్థం కూడా నీలంగా వెలుగుతుంది, అందుకే సబ్బు పెట్టాక వెతికితే ఏది ఏదో తెలియదు. చుట్టూ చాక్‌పీస్‌తో గీసుకోండి. సోఫా కాళ్లు, గోడ అడుగు అంచు, మంచం కింద చెక్క మర్చిపోకండి.

తుడవడం ఇలా: ముందు ఫినాయిల్ పోయేలా మంచి నీళ్లతో రెండుసార్లు తుడిచి పీల్చండి, అది మిగిలి ఉంటే ఎంజైమ్ పని చెయ్యదు. తర్వాత పెట్ షాపులో దొరికే ఎంజైమ్ క్లీనర్. అది దొరక్కపోతే ఎంజైమ్ ఉన్న బట్టల పౌడర్, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, లీటరు గోరువెచ్చని నీళ్లకి 100 గ్రాములు. మరిగే నీళ్లు పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. మూత్రం ఎంత లోతుకి దిగిందో ఈ నీళ్లూ అంత లోతుకి దిగాలి, పైపైన స్ప్రే చేస్తే ఉపయోగం లేదు. తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్ కప్పి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున చల్లని నీళ్లతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టి, ఆఖర్న సర్జికల్ స్పిరిట్ గుడ్డతో అద్దండి. గుడ్డ రంగు పోతుందేమో ఒక మూల ముందు చూసుకోండి, స్పిరిట్ దగ్గర మంట ఉండకూడదు. వినెగర్, వంట సోడా వాసన కొంత తగ్గిస్తాయి కానీ మరక అడుగున ఉన్నదాన్ని విడగొట్టవు.

ఫోమ్ పరుపుకి రెండు మూడు సార్లు ఇలా చెయ్యాల్సి వస్తుంది. దూది పరుపైతే గుడ్డ విప్పి తడిసిన దూది తీసేయడమే, కడిగితే లోపల ఆరదు. ఆ తర్వాత నీళ్లు దిగని మ్యాట్రెస్ కవర్ తొడగండి.

ఇంకొకటి, పిల్లి రాకుండా మూలల్లో కలరా ఉండలు, కర్పూరం, కారం పొడి వేస్తుంటారు. కలరా ఉండలు, కర్పూరం పిల్లికి విషం. కారం కళ్లలో పడి హింస. మరక శుభ్రమయ్యాక అక్కడ తిండి గిన్నె పెట్టండి, తినే చోట పిల్లి సాధారణంగా పొయ్యదు.

ఇసుకతిన్నె:

బెంటోనైట్‌కి అంత ఖర్చు ఎందుకండీ, మన ఊళ్లలో పిల్లులన్నీ ఇళ్లు కట్టేచోట ఇసుక కుప్ప మీదే వెళ్తాయి కదా. విశాఖలో బీచ్ ఇసుక ఊరికే దొరుకుతుంది.

మీసాలరాయుడు:

బీచ్ ఇసుక వద్దండి. అందులోని ఉప్పు గాలిలోని తేమని లాగి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. కుప్పల మీద ఇసుకలో వేరే పిల్లుల మలం, పురుగుల గుడ్లు ఉంటాయి. నది ఇసుక జల్లించి, కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి వాడొచ్చు కానీ గడ్డకట్టదు, మూత్రం అడుగుకి దిగి నిలిచిపోతుంది, కాబట్టి రోజూ మొత్తం మార్చాలి. అపార్ట్‌మెంట్‌లో అది సాగే పని కాదు. వీధి నుంచి తెచ్చిన పిల్లికి మాత్రం ఇసుక బాగా పనికొస్తుంది: బెంటోనైట్ మీద రెండు గుప్పెళ్లు చల్లితే కాలికి తెలిసిన స్పర్శ తగిలి దిగుతుంది, వారంలో మెల్లగా తగ్గించొచ్చు. బంటికి ఆ అవసరం లేదు.

సాగరతీరం:

చాలా చాలా థాంక్స్ అందరికీ. స్కానింగ్‌లో రాళ్లు లేవు, బ్లాడర్ గోడ కాస్త మందంగా ఉందన్నారు. యూరిన్‌లో రక్తకణాలు ఉన్నాయి, బాక్టీరియా లేదు, స్పెసిఫిక్ గ్రావిటీ 1.045. కారణం తెలియని బ్లాడర్ వాపు అని నొప్పి మందు ఇచ్చారు. పెద్ద డబ్బా కోసి పడకగదిలో పెట్టాం, బెంటోనైట్ పోశాం. బంటి అందులో రోజూ పోస్తున్నాడు, కానీ డోర్‌మ్యాట్ మీద కూడా ఇంకా అప్పుడప్పుడు పోస్తున్నాడు. వాడు డబ్బాలోకి దిగగానే చిట్టి వచ్చి గుమ్మం ముందు కూర్చుంటోంది. రెండు డబ్బాలు పక్కపక్కన పెడితే సరిపోతుందా?

మూడు_పిల్లుల_ఇల్లు:

పక్కపక్కన రెండు పెడితే పిల్లుల లెక్కలో అది ఒకటే. ఒకదాన్ని కాపలా కాస్తే రెండూ మూసుకుపోయినట్టే. రెండు పిల్లులకి మూడు డబ్బాలు, మూడూ వేర్వేరు చోట్ల, ఒకదాని దగ్గర నుంచి ఇంకోటి కనబడకూడదు. ఒకటి పడకగదిలో ఉంది. ఇంకోటి రెండో పడకగదిలో, మూడోది హాల్లో గుమ్మానికి దగ్గరగా పెట్టండి. డోర్‌మ్యాట్ ఎక్కడ ఉందో ఆ పక్కనే పెట్టినా తప్పులేదు. పోయాలని వాడు ఎంచుకున్న చోటే డబ్బా పెట్టి, వాడకం కుదిరాక రోజుకి జానెడు చొప్పున మీకు కావాల్సిన మూలకి జరుపుకోవచ్చు.

చిట్టి అలా ఎదురుగా కూర్చుని చూడటమే బెదిరింపు. కాట్లాట, గుర్రు ఏమీ లేకపోయినా కదలకుండా దారిలో కూర్చుంటే చాలు, బంటి ఆపుకుంటాడు. ఆపుకున్న కొద్దీ బ్లాడర్ మంట. పడకగది డబ్బాని మూలకి గట్టిగా ఆనించి ఉంటే ఒక అడుగు ముందుకి లాగి, గుమ్మాన్ని గది తలుపు వైపు తిప్పండి, లోపల కూర్చుని వచ్చేవాళ్లని చూసుకోగలగాలి. ఎదురు వైపున కూడా రెండో గుమ్మం కొయ్యండి. చిట్టి కూర్చుంటే అరవకండి, బొమ్మ విసిరి అటు మళ్లించండి. ఇద్దరికీ తిండి వేర్వేరు గదుల్లో, బంటికి ఎక్కి కూర్చోవడానికి బీరువా పైనో, గోడ అల్మరా మీదో ఒక చోటు, చిట్టి అందుకోలేనిది అయితే మంచిది.

చిట్టికి ఆపరేషన్ ఆలస్యం చెయ్యకండి, ఆరు నెలలు అంటే ఏ రోజైనా ఎదకి రావచ్చు. అప్పుడు అది కూడా చుట్టూ పోస్తుంది, బంటికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బంటి ఎప్పుడైనా గోడకి వీపు పెట్టి, నిలబడి, తోక నిటారుగా వణికిస్తూ కొద్దిగా చిమ్మితే అది హద్దు గుర్తు పెట్టడం, దారి వేరు. ఇప్పటిదాకా మీరు చెప్పింది కూర్చుని పోయడమే.

డోర్‌మ్యాట్‌కి వాడు అలవాటు పడ్డాడు, మెత్తటి గుడ్డ కాలికి నచ్చింది. నెల రోజులు గుడ్డ మ్యాట్లన్నీ తీసేసి కొబ్బరి పీచు పట్టా గానీ, రబ్బరు పట్టా గానీ వెయ్యండి. విడిచిన బట్టలు మూత ఉన్న బుట్టలో వెయ్యండి, పగలు పడకగది మంచం మీద ప్లాస్టిక్ షీట్ పరవండి. అయినా గుడ్డ కోసమే వెతుకుతుంటే మూడో డబ్బాలో లిట్టర్ బదులు పాత తువ్వాలు మడిచి పెట్టండి. అందులో పోయడం మొదలయ్యాక తువ్వాలు మీద గుప్పెడు బెంటోనైట్, నాలుగైదు రోజులకి ఇంకో గుప్పెడు, తువ్వాలుని కొంచెం కొంచెం చిన్నదిగా కత్తిరిస్తూ పోండి.

ఇవి చేశాక రెండు వారాల్లో కూడా డోర్‌మ్యాట్ చోటుకి పోతుంటే అప్పుడు ఒక గదిలో ఉంచి అలవాటు చెయ్యాలి. పడకగదిలో వాడొక్కడే, డబ్బా, ఎదురు మూలలో తిండి, నీళ్లు, కిటికీ దగ్గర కూర్చునే చోటు, మీరు రోజూ అందులోనే కాసేపు ఆడండి, రాత్రి అక్కడే పడుకోండి. నేల మీద గుడ్డ ఏదీ ఉండకూడదు. వరసగా పది రోజులు డబ్బాలోనే పోస్తే రోజుకో గంట చొప్పున మిగతా ఇల్లు తెరవండి, మీరు చూస్తుండగా. తలుపు దగ్గర అరుస్తూ, తిండి మానేస్తుంటే ఈ పద్ధతి ఆపేయండి, ఒత్తిడితో బ్లాడర్ మళ్లీ రేగుతుంది. ఎత్తుకెళ్లి డబ్బాలో దించి, పాదాలు పట్టుకుని తవ్వించడం, ముక్కు మరకలో రుద్దడం ఎప్పుడూ చెయ్యకండి. మనల్ని చూస్తే భయపడి ఇంకా మరుగు చోట పోస్తుంది, అంతే.

ఒక పుస్తకంలో తేదీ, ఎక్కడ పోశాడు, ఎంత, ఆ రోజు ఇంట్లో ఏం మారింది అని రాసుకోండి. ఒకేసారి మూడు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. చుట్టాలు వచ్చిన రోజో, దీపావళి టపాసుల రోజో బయట ఎక్కువసార్లు పోసినట్టు కనిపిస్తే కారణం కళ్ల ముందే ఉంటుంది.

జీవనాడి:

రిపోర్టు బాగుంది, గ్రావిటీ 1.045 అంటే కిడ్నీల పని బాగానే ఉంది, నీళ్లు మాత్రం ఇంకా పెంచొచ్చు. నొప్పి మందు చెప్పిన రోజులే వెయ్యండి. పిల్లులకి వాడే మెలాక్సికామ్ లాంటివి తిండి తినని రోజున, నీరసంగా ఉన్న రోజున వేస్తే కిడ్నీలకి దెబ్బ, ఆ రోజు ఫోన్ చేసి అడిగాకే వెయ్యండి. నెల దాటినా తిరగబెడుతుంటే ఒత్తిడికి మందులున్నాయి, అవి డాక్టరే బరువు చూసి రాయాలి, మనుషులవి పంచుకోకూడదు. బంటి చుక్కలు చుక్కలుగా పోసినా, అసలు పోయకపోయినా, పోయిన వారం స్కానింగ్ బాగుందని ఆగకండి. ఈ వాపు ఉన్న మగపిల్లికి ఏ రోజైనా నాళం మూసుకుపోవచ్చు. రాత్రిపూట తెరిచి ఉండే వెటర్నరీ ఆసుపత్రి నంబరు ఇప్పుడే తెలుసుకుని ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంచండి.